డాక్టర్ సలహా: టెన్షన్‌తో మెదడు కణాల్లో శక్తి తగ్గిపోతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 41. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో లెక్కలు రాస్తాను. రెండేళ్లుగా అప్పుల టెన్షన్. పొద్దున లేచేసరికే అలసట, దానికితోడు మతిమరుపు. మొన్న మిర్చి సీజన్‌లో తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం చీటీ) మీద 46 బస్తాలకు 64 అని రాశాను. ఎక్కువకాలం టెన్షన్ ఉంటే మెదడు కణాల్లోని మైటోకాండ్రియా దెబ్బతిని శక్తి తగ్గిపోతుందని ఒక వీడియోలో చూశాను. కోఎంజైమ్ క్యూ10 మాత్రలు వాడమని అందులో చెప్పారు. వాడవచ్చా? ఎన్ని నెలలు? నిద్ర కోసం ఎనిమిది నెలలుగా అల్ప్రాజోలం 0.5 వేసుకుంటున్నాను, ఈమధ్య ఒక్కోసారి రెండు. నడుము నొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన చిన్న తెల్ల మాత్రలతో హాయిగా ఉంటుంది. రాత్రి మూడుసార్లు మూత్రానికి లేస్తున్నాను. గురక పెడుతున్నానని మా ఆవిడ గొడవ. ఒక్కోసారి ఇదంతా ఎందుకు అనిపిస్తోంది.
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: మీరు అడిగింది క్యూ10 గురించి. నా చూపు మాత్రం ఉత్తరం చివర మీరు హడావుడిగా రాసిన నాలుగైదు మాటల దగ్గరే ఆగిపోయింది. వాటి సంగతి చూద్దాం. ముందు మీ ప్రశ్న.

ఆ వీడియోలో చెప్పింది మొత్తం అబద్ధమేమీ కాదు. మెదడు బరువు మన ఒంటి బరువులో 2 శాతమే. కానీ ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో దాదాపు 20 శాతం అదే తినేస్తుంది. నాడీకణంలోకి సోడియం బావిలో ఊటలా ఊరుతూనే ఉంటుంది. దాన్ని తోడి బయట పోసే మోటారు రాత్రీపగలూ నడవాలి. ఆ మోటారుకు కరెంటు లాంటిది ఏటీపీ. దాన్ని ఎక్కువగా తయారుచేసేది మైటోకాండ్రియా. టెన్షన్ పడ్డప్పుడు మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్‌ను వదులుతాయి. కాసేపటికైతే అది మంచిదే, రక్తంలో చక్కెర పెంచి పని జరిపిస్తుంది. 2009లో అచ్చయిన ఎలుకల ప్రయోగాల్లో, ఈ తరహా హార్మోను కొద్దిగా, కొద్దికాలం తగిలినప్పుడు మెదడు కణాల మైటోకాండ్రియా ఇంకా బాగా పనిచేసింది. ఎక్కువ మోతాదులో ఎక్కువకాలం తగిలితే పనితీరు పడిపోయింది. జ్ఞాపకాలను పోగుచేసే హిప్పోక్యాంపస్‌కు, ఆలోచించి నిర్ణయం తీసుకునే నుదుటి వెనక భాగానికి ఈ తాకిడి ఎక్కువ.

అయితే ఎలుకకు అప్పులుండవు, అది నిద్రమాత్రలు కొనుక్కోదు. ఎలుకలో చూసినదాన్ని తెచ్చి మీ తక్‌పట్టీ పొరపాటుకు అంటగట్టలేం. మీ మెదడులో మైటోకాండ్రియా ఎలా ఉందో చెప్పే మామూలు రక్తపరీక్ష కూడా ఏదీ లేదు.

ఇక నన్ను కలవరపెట్టిన విషయం. ఆ చిన్న తెల్ల మాత్రలు ఏమిటో చూడకుండా నేను ఖాయంగా చెప్పలేను. కానీ వేసుకోగానే నొప్పి పోయి, హాయిగా, ఆకలిగా అనిపించే చిన్న మాత్ర అంటే మాకు మొదట అనుమానం వచ్చేది స్టెరాయిడ్ మీదే. డెక్సామెథసోన్ అయితే కార్టిసాల్ జాతిదే, బలంలో దాదాపు 25 రెట్లు. అంటే ఏ హార్మోనుకు మీరు భయపడుతున్నారో, దాని అన్నగారినే మంచినీళ్లతో మింగుతున్నారేమో. స్టెరాయిడ్ నిద్ర చెడగొడుతుంది. నిద్ర లేదని అల్ప్రాజోలం. అల్ప్రాజోలం మత్తు పొద్దునదాకా తేలదు, జ్ఞాపకశక్తిని మందగింపజేస్తుంది. మతిమరుపు వచ్చిందని ఇప్పుడు క్యూ10. స్టెరాయిడ్ చక్కెరనూ పెంచుతుంది. రాత్రి మూడుసార్లు లేస్తున్నారంటే షుగర్ చూడకుండా నేను ఇంకో మాట మాట్లాడను.

అల్ప్రాజోలం గురించి కాస్త ఎక్కువే చెప్తాను, విసుక్కోకండి. ఇది షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టర్ చీటీ మీదే అమ్మాలి, ఎవరికి అమ్మారో రిజిస్టర్‌లో రాయాలి. కానీ నా దగ్గరికి వచ్చేవాళ్ల చొక్కా జేబుల్లో దొరికేది కత్తెరతో కత్తిరించిన నాలుగు మాత్రల ముక్క. దాని మీద పేరు ఉండదు, గడువు తేదీ ఉండదు, చివర ఏదో రెండక్షరాలు మిగిలి ఉంటాయి. 'ఇదేంటి నాన్నా?' అంటే 'నిద్రది సార్' అంటారు. ఒకటి రెండు కావడం, మీరు రాసినట్టే, ఈ మందుకు ఒళ్లు అలవాటు పడుతున్న గుర్తు.

ఇది చదివి కోపంతో ఆ స్ట్రిప్పు చెత్తబుట్టలో పారేస్తారేమో, ఆ పని మాత్రం చేయకండి. పరకాల వైపు నుంచి ఒక టీచర్‌ను అలాగే తీసుకొచ్చారు. పండగ రోజు మాత్రలన్నీ పారేసి 'ఇక నుంచి ముట్టను' అన్నాడట. మూడో రోజు ఫిట్స్. కొడుకు బైక్ నడుపుతుంటే వెనక బావమరిది పట్టుకుని కూర్చుని తెచ్చారు. నెలల తరబడి వాడిన అల్ప్రాజోలాన్ని డాక్టర్ పర్యవేక్షణలో మెల్లగా, వారాల మీద తగ్గిస్తూ రావాలి. స్టెరాయిడ్ కూడా అంతే. వరుసగా వాడుతూ ఒక్కసారిగా ఆపితే సొంత అడ్రినల్ గ్రంథులు నిద్ర లేవక బీపీ పడిపోవచ్చు.

ఇంకో మాట, తప్పుగా అనుకోకండి. కల్లు తాగుతారా? తాగితే దాచకుండా చెప్పండి. మన ఉత్తర తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేది చాలాసార్లు ఈ అల్ప్రాజోలమే. దుకాణాలు మూసినప్పుడు ఫిట్స్‌తో, పిచ్చిపిచ్చిగా మాట్లాడుతూ జనం ఆసుపత్రులకు వచ్చిన సందర్భాలు మన జిల్లాల్లో ఉన్నాయి. సాయంత్రం కల్లు, రాత్రి మాత్ర అయితే మీరు ఎంత మోతాదు తీసుకుంటున్నారో మీకే తెలియదు. ఊపిరి మందగించే ప్రమాదం ఉంది.

గురక కూడా దీనికి సంబంధించినదే. గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్లీ మొదలైతే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. దానివల్ల రాత్రంతా మెదడుకు ఆక్సిజన్ తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది, పొద్దున అలసట ఖాయం, మూత్రానికి లేవడమూ ఎక్కువే. నిద్రమాత్ర గొంతు కండరాలను ఇంకా సడలించి దాన్ని పెంచుతుంది.

క్యూ10 అంటారా? అది మైటోకాండ్రియాకు శక్తి తయారీలో తోడ్పడే పదార్థం, మన ఒంట్లోనే తయారవుతుంది. పుట్టుకతో దాని లోపం ఉన్న కొద్దిమందికి మందుగా ఇస్తాం. టెన్షన్ వల్ల వచ్చే మతిమరుపు దానితో తగ్గుతుందనడానికి తగినంత ఆధారం లేదు. రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవాళ్లైతే అడగకుండా అసలు మొదలుపెట్టకూడదు. ఆ డబ్బుతో ముందు పరీక్షలు చేయించుకోండి: పరగడుపు షుగర్, తిన్నాక షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12, క్రియాటినిన్ (మూత్రపిండాల పరీక్ష). బీపీ కూడా. వీటిలో చాలావరకు ప్రభుత్వ ఆసుపత్రిలో, రాష్ట్ర ప్రభుత్వ పరీక్షల పథకం టి-డయాగ్నోస్టిక్స్ ద్వారా ఉచితంగానే అవుతాయి. 41 ఏళ్ల మనిషికి అలసట అంటే రక్తం తక్కువై ఉండొచ్చు, థైరాయిడ్ కావచ్చు, షుగర్ కావచ్చు, డిప్రెషన్ కావచ్చు. ఇవేవీ చూడకుండా మైటోకాండ్రియా దాకా పోవడం, ఫ్యూజు చూడకుండా వైరింగ్ మొత్తం మార్పించడమే.

'ఇదంతా ఎందుకు అనిపిస్తోంది' అని రాశారు. అలసిపోయి అన్నారా, బతుకు మీద విరక్తితో అన్నారా, ఉత్తరంలో తెలియదు, అందుకే నేను తేలిగ్గా తీసుకోను. రెండోదే అయితే ఈ రోజే ఇంట్లో ఒకరికి చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి, రాత్రి అయినా తెలుగులోనే మాట్లాడతారు. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక విభాగం ఓపీ ఉంది. అక్కడికి పోతే ఎవరో ఏదో అనుకుంటారని వెనకాడవద్దు, మీ మార్కెట్ వాళ్లూ వస్తుంటారు. మాత్రలు ఎక్కువగా ఇంట్లో ఉంటే ఆవిడ చేతికి ఇచ్చి, రోజుకు ఆ రోజుదే తీసుకోండి.

ఇది మిమ్మల్ని పరీక్షించకుండా రాసిన సలహా మాత్రమే, చికిత్స కాదు. ఫిట్స్, తికమకగా మాట్లాడటం, విపరీతమైన మత్తు, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే ఆగకుండా 108కు ఫోన్ చేయండి. లేదంటే ఈ వారంలోనే దగ్గర్లోని ఫిజీషియన్‌ను కలవండి. పరగడుపున వెళ్లండి. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, ఆ కత్తిరించిన ముక్కలు, పొట్లాలతో సహా ఒక కవర్లో వేసుకుని పోండి. మీ ఆవిడను కూడా వెంట తీసుకుపోండి. ఆ గురక గురించి మీకంటే ఆమెకే ఎక్కువ తెలుసు.