నాన్న డయాలసిస్ వద్దంటున్నారు... ఆపితే పాపమా?

ప్రశ్న: నాన్నగారికి 78 ఏళ్లు. గుండె బలహీనం. కిడ్నీలు పాడై మూడేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయిస్తున్నాం. ఈమధ్య ‘ఇక నావల్ల కాదమ్మా, ఆపేయండి’ అంటున్నారు. మేం కతోలికులం. అది ఆత్మహత్యతో సమానమని అమ్మ ఒకటే ఏడుపు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మోయలేని వైద్యాన్ని బాగా ఆలోచించుకుని వద్దనడం ఆత్మహత్య కాదమ్మా, కారుణ్య మరణమూ కాదు. ముందు అమ్మగారికి ఈ మాట చెప్పండి. ప్రాణం నిలుపుకోవడానికి మామూలు వైద్యం చేయించుకోవాలి గానీ, తనకూ ఇంటివాళ్లకూ విపరీతమైన భారమయ్యేదాన్ని చేయించుకుని తీరాలని లేదని 1957 నవంబరులోనే పన్నెండవ పయస్ పోపుగారు మత్తు డాక్టర్లతో చెప్పారు. శ్రీసభ (కతోలిక చర్చి) బోధనలన్నీ ఉండే సత్యోపదేశం గ్రంథం 2278వ పేరాలోనూ అదే ఉంది: అక్కడ ఎవరూ చావును కోరుకోవడం లేదు, దాన్ని ఆపలేమని ఒప్పుకుంటున్నారు, అంతే. ప్రాణం తీయాలని ఇంజెక్షన్ ఇవ్వడాన్ని మాత్రం శ్రీసభ ఒప్పుకోదు, మన చట్టమూ ఒప్పుకోదు. చనిపోవాలన్న ఉద్దేశంతోనే అవసరమైన వైద్యం మానేసినా శ్రీసభ దృష్టిలో అదీ తప్పే.

మరి డయాలసిస్ మామూలు వైద్యమా, మోయలేనిదా? నలభై ఏళ్ల మనిషి చేయించుకుని మర్నాడు ఉద్యోగానికి వెళ్తాడు. నేను చూసిన ఒక పెద్దాయనకు మధ్యలోనే బీపీ పడిపోయేది, పిక్కలు పట్టేసేవి. ఇంటికొచ్చి అన్నం ముద్ద కలుపుకునే ఓపిక కూడా ఉండేది కాదు. కాస్త తేరుకునేసరికి మళ్లీ డయాలసిస్ రోజు వచ్చేసేది. ఆ బరువెంతో మోసేవారికే తెలుస్తుంది. మనసు స్థిమితంగా ఉన్న రోగి వైద్యం వద్దనవచ్చని 2018 మార్చి 9 నాటి తీర్పులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

అయినా తొందరపడకండి. ఆయన పక్కన కూర్చుని ఎందుకు వద్దంటున్నారో అడగండి. డిప్రెషన్ కావచ్చు, సూది గుచ్చేచోట నొప్పి కావచ్చు. వీటికి మందులున్నాయి. డయాలసిస్ గంటలు, తీసే నీరు మార్చి కొన్ని వారాలు చూడమని మీ నెఫ్రాలజిస్టును అడగండి. పిల్లలకు బరువయ్యానన్న బెంగతో అంటుంటే మాత్రం ఒప్పుకోకండి, ముందు ఆ బెంగ తీర్చండి.

అన్నీ చూశాక కూడా వద్దనే అంటే, నొప్పి, బాధ తగ్గించి చూసుకునే పాలియేటివ్ కేర్ డాక్టరుతో ముందే మాట్లాడి పెట్టుకోండి. డయాలసిస్ ఆపాక చాలామంది వారం, పది రోజులకు మించి ఉండరు. మూత్రం ఇంకా వస్తుంటే మరికొన్నాళ్లు గడుస్తాయి. ఆయాసం, దురద రావచ్చు, తగ్గించే మందులున్నాయి. కిడ్నీలు పనిచేయనివాళ్ల ఒంట్లో మార్ఫిన్ పేరుకుపోతుంది కాబట్టి నొప్పికి ఫెంటానిల్ లాంటివి వాడతాం. నొప్పి తగ్గించడానికే ఇచ్చిన మందు ఆయుష్షును కాస్త తగ్గించినా తప్పు కాదని పయస్ పోపుగారే చెప్పారు. తినగలిగినంత తిండి, తాగగలిగినన్ని నీళ్లు ఇస్తూనే ఉండండి.

రెండవ జాన్ పాల్ పోపుగారు కూడా చివరి రోజుల్లో మళ్లీ ఆస్పత్రికి వెళ్లలేదు. 2005 ఏప్రిల్ 2న వాటికన్‌లోని తన గదిలోనే కన్నుమూశారు. ఇది అమ్మగారికి చెప్పండి.

చివర్లో నిద్రమత్తు ముంచుకొస్తుంది, మాట రాకపోవచ్చు. అందుకే విచారణ గురువులను (మీ చర్చి ఫాదర్‌ను) ఇప్పుడే పిలిపించండి. పాపసంకీర్తనం (పాపాలు ఒప్పుకోవడం), అభ్యంగనం (రోగికి పవిత్ర తైలం పూయడం), సత్ప్రసాదం నాన్నగారు తెలివిగా ఉండగానే అందుకుంటారు.