వాతావరణం క్విజ్ గురించి మావయ్య ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

వాతావరణ శాఖ డేటాతో ఆన్‌లైన్ క్విజ్ పెడతానని నువ్వు చెప్పిన దగ్గర్నుంచి నా మనసు దాని మీదే ఉంది. ఇన్నేళ్లు ఆ అంకెలతో బతికినవాణ్ణి కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

జ్ఞాపకశక్తిని పరీక్షించే ప్రశ్నలు వద్దమ్మా. హుద్‌హుద్ ఎప్పుడు తీరం దాటిందని అడిగితే 2014 అక్టోబరు 12 అని విశాఖలో ఎవరైనా చెబుతారు. దానికి డేటా ఎందుకు? ఆ తుపాను మీదే ఇంకోలా అడుగు: 12న మధ్యాహ్నం పడిన వాన రికార్డులో 13వ తేదీ కింద ఎందుకుంది? మన దగ్గర వాన లెక్క ఉదయం 8:30కి తీస్తారు. అప్పటికి గడిచిన 24 గంటల్లో పడిందంతా ఆ తేదీకే రాస్తారు. ఇది ఒకసారి తెలిస్తే, రేపు పేపర్లో ఏ అంకె చూసినా ‘ఎప్పటి నుంచి ఎప్పటి దాకా?’ అని వాళ్లే అడుగుతారు. నీ క్విజ్ వల్ల రావలసిన అలవాటు అదే.

ముందు ఊహించమను, తర్వాతే గ్రాఫ్ చూపించు. విశాఖలో జూలైలో ఎక్కువ వాన పడుతుందా, అక్టోబరులోనా? నైరుతి గుర్తొచ్చి చాలామంది జూలై అంటారు. నెలవారీ సగటు చూస్తే అక్టోబరే ఎక్కువ. తప్పు చెప్పినవాళ్లకు ఎర్ర ఇంటూ గుర్తు పెట్టకు. బంగాళాఖాతంలో ఆ నెలలో వచ్చే వాయుగుండాల గురించి రెండు ముక్కలు రాయి, చాలు.

మిల్లీమీటర్లను ఇంటి లెక్కలోకి తీసుకురా. వంద చదరపు మీటర్ల డాబా మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే పదివేల లీటర్లు.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమైనది పోర్టు హెచ్చరికలు, అంటే తుపాను సమయంలో రేవుల్లో ఎగరేసే నంబర్లు. ఐదో నంబరు కంటే ఏడో నంబరు తీవ్రమని జనం అనుకుంటారు. కాదు. 5, 6, 7 మూడూ ఒకే స్థాయి ప్రమాదం. తుపాను రేవుకు ఏ పక్క నుంచి దాటుతుంది, లేక రేవు మీదుగానే వస్తుందా అన్నదే తేడా. 8, 9, 10 కూడా అంతే, కాకపోతే తుపాను ఇంకా తీవ్రం. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. ఈ ప్రశ్న పెట్టేముందు ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి పడవల వాళ్లకు చూపించు. వాళ్లకు అర్థం కాకపోతే మాటలు మార్చాల్సింది నువ్వే.

డేటా ఎక్కడిదో ప్రతి ప్రశ్న కిందా రాయి. వాతావరణ శాఖ గ్రిడ్ వాన లెక్కలు (దేశాన్ని గడులుగా విడగొట్టి వేసినవి) 1901 నుంచి, యూరప్ వాళ్లు కొలతల్నీ కంప్యూటర్ మోడల్‌నీ కలిపి గడుల వారీగా వేసిన ఈఆర్‌ఏ5 లెక్కలు 1940 నుంచి ఉచితంగా దొరుకుతాయి. రెండింటిలోనూ ఒక గడి పాతిక కిలోమీటర్లకు పైనే. అందులో మన సముద్రం, కొండలు, ఎయిర్‌పోర్టు అన్నీ కలిసిపోవచ్చు. కాబట్టి గడి అంకెను విశాఖలోని వాల్తేరు వాతావరణ కేంద్రం కొలిచిన అంకెగా ఎప్పుడూ చూపించకు.

ఒకసారికి ఐదారు ప్రశ్నలు చాలు. తుపాను హెచ్చరిక ఉన్న రోజుల్లో మాత్రం క్విజ్ ఆపెయ్. పాత తుపాను గ్రాఫ్‌ను ఎవరైనా ఆ రోజుదే అనుకుని వాట్సాప్‌లో పంపారంటే ఊరంతా టెన్షన్ పడుతుంది. ఆ రోజుల్లో అధికారిక బులెటిన్ ఒక్కటే పెట్టు.

మొదటి ఐదు ప్రశ్నలు రాయగానే, డేటా ఫైలుతో సహా నాకు పంపు. అంకెలు నేను సరిచూస్తాను.

మీ మావయ్య