విటమిన్ మాత్రలు కొనే ముందు డబ్బా వెనక ఏం చూడాలి?

ప్రశ్న: నా వయసు 44. ఎనిమిదేళ్లుగా థైరాయిడ్ మాత్ర వాడుతున్నాను. ఈమధ్య పరీక్షలో విటమిన్ డి 13 వచ్చింది. డాక్టర్ ఎనిమిది వారాలకు వారానికొకటి చొప్పున 60,000 యూనిట్ల సాచెట్లు, రోజూ కాల్షియం రాశారు. జుట్టు రాలుతోందని ఆన్‌లైన్‌లో బయోటిన్ (ఒక రకం బి విటమిన్) గమ్మీలు, అంటే నమిలే జెల్లీ బిళ్లలు కూడా తెప్పించాను. నాణ్యమైనవేవో ఎలా గుర్తుపట్టాలి?
– ఓ పాఠకురాలు, వరంగల్

జవాబు: కంపెనీ పేరు సంగతి తర్వాత; మొదట డబ్బా వెనక చిన్న అక్షరాలు చదవండి. తయారీ లైసెన్స్ నంబరు, మందు పేరు పక్కన ‘ఐ.పి.’ (ఇండియన్ ఫార్మకోపియా, అంటే మన దేశపు మందుల ప్రమాణాల పుస్తకం) అని ఉంటే అది మందుల చట్టం కింద తయారైనది. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు, ‘నాట్ ఫర్ మెడిసినల్ యూజ్’ (చికిత్సకు కాదు) అని ఉంటే అది ఆహారం కింద లెక్క. పక్కపక్కన పెడితే రెండూ ఒకేలా కనిపిస్తాయి. మీది లోపానికి చికిత్స కాబట్టి మొదటి రకమే అడిగి, బిల్లుతో కొనండి.

కాల్షియం విషయంలో పెద్దక్షరాల అంకెను నమ్మొద్దు. కాల్షియం కార్బొనేట్ 1250 మి.గ్రా. అంటే అందులో అసలు కాల్షియం 500 మి.గ్రా.; సిట్రేట్ 1000 మి.గ్రా.లో సుమారు 210. ధరలు పోల్చాల్సింది ‘ఎలిమెంటల్ కాల్షియం’ అంకెతోనే. కార్బొనేట్ ఖాళీ కడుపున సరిగా ఒంటపట్టదు, భోజనంతో వేసుకోవాలి. థైరాయిడ్ మాత్రకూ దీనికీ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. పొద్దున పరగడుపున అది, మధ్యాహ్నం అన్నంతో ఇది. రెండూ కలిపి మింగితే థైరాయిడ్ మందు పేగుల్లోనే చిక్కుకుపోయి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోన్ చాలకపోతే రక్తపరీక్షలో పెరిగే అంకె) పెరుగుతుంది, అనవసరంగా డోసు పెంచాల్సొస్తుంది.

సాచెట్ నూనో, నెయ్యో ఉన్న భోజనం తర్వాత తీసుకోండి. వారానికొకటి అన్నదాన్ని రోజుకొకటిగా వాడేసేవాళ్లూ ఉన్నారు. అలా చేస్తే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, అతిదాహం, మలబద్ధకం, చివరికి కిడ్నీలకు దెబ్బ. ఎనిమిదితో ఆపండి, తర్వాత ఎంత వాడాలో మీ డాక్టరే చెప్పాలి.

ఇక గమ్మీలు. మనిషికి రోజుకు కావలసిన బయోటిన్ 30–40 మైక్రోగ్రాములు. జుట్టు కోసమని అమ్మేవాటిలో తరచూ 5,000, 10,000 ఉంటుంది. మీకు వీటితో ఇంకో చిక్కుంది: చాలా ల్యాబ్ పద్ధతుల్లో బయోటిన్ వల్ల టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ4 (థైరాయిడ్ హార్మోన్) ఎక్కువగా చూపిస్తుంది. ఆ రిపోర్టు చూసి మందు తగ్గించేస్తే మీకే నష్టం. పరీక్షకు రక్తమివ్వడానికి కనీసం రెండు రోజుల ముందు ఆపండి. నన్నడిగితే పూర్తిగా మానేయండి. బయోటిన్ లోపం చాలా అరుదు. జుట్టు రాలుతున్నందుకు మొదట టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) పరీక్షలు చేయించుకోండి. ఐరన్ రాస్తే దాన్నీ కాల్షియంతో కలపకుండా వేరే పూట వేసుకోండి. థైరాయిడ్ మాత్రతో నాలుగు గంటల ఎడం ఐరన్‌కూ వర్తిస్తుంది.