పైలోనిడల్ సైనస్: లేజరా, ఫ్లాపా?

బ్రో, పైలోనిడల్ సైనస్‌కి (పిరుదుల మధ్య గీత పైభాగంలో చర్మం కింద వెంట్రుకలు చేరి ఏర్పడే దారి) చీము తీయించాక కూడా మళ్ళీ కారుతోంది, ఒక డాక్టర్ లేజర్ (ఆ దారిని లోపలి నుంచి కాల్చి మూసెయ్యడం) అంటే ఇంకొకాయన ఫ్లాప్ (దారిని కోసేసి పక్క చర్మాన్ని జరిపి కప్పడం) అంటున్నారు అన్నావు కదా, ఇద్దరి మాటలోనూ పాయింట్ ఉంది. చీము తీయడం అప్పటి నొప్పికే, లోపల వెంట్రుకలున్న దారి అలాగే ఉంటుంది, అందుకే తిరగబెట్టింది.

ఒకట్రెండు చిన్న రంధ్రాలే ఉంటే లేజర్ గానీ పిట్ పికింగ్ (ఆ రంధ్రాల వరకే చిన్నగా కోసి తీసెయ్యడం) గానీ ట్రై చెయ్యొచ్చు, కోత చిన్నది, తొందరగా పనిలోకి వెళ్ళొచ్చు, కాకపోతే మళ్ళీ వచ్చే ఛాన్స్ కొంచెం ఎక్కువే. దారులు చాలా ఉన్నా, ముందు చేసిన ఆపరేషన్ ఫెయిలైనా లింబర్గ్ ఫ్లాప్, కరిడాకిస్, క్లెఫ్ట్ లిఫ్ట్ లాంటి ఫ్లాప్ రకం ఆపరేషన్లే నయం, ఎందుకంటే కుట్లు పిరుదుల మధ్య గీతలో పడకుండా పక్కకి జరుపుతారు, ఆ లోతు కూడా తగ్గుతుంది కాబట్టి చెమట, వెంట్రుకలు అంతగా చేరవు. లింబర్గ్‌లో మచ్చ మాత్రం పెద్దదే.

కోసేసి సరిగ్గా నడి గీతలోనే కుట్లేస్తాం అంటే ఎందుకని గట్టిగా అడుగు, అక్కడ కుట్లు విడిపోవడం ఎక్కువ. కుట్లు లేకుండా వదిలేస్తే మానడానికి వారాలు, ఒక్కోసారి నెలలు, డ్రెస్సింగ్‌తో విసుగొస్తుంది.

సిగరెట్ అలవాటు ఉంటే ఇప్పుడే మానెయ్, లేకపోతే పుండు తొందరగా మానదు. జ్వరం, వాపు వస్తే ఇవన్నీ ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే వెళ్ళిపో.