వైజాగ్‌లో బీచ్‌కి దగ్గరగా ఇల్లు తీసుకోవచ్చా? పెదవాల్తేరు నుంచి నా జవాబు

వైజాగ్‌కి ట్రాన్స్‌ఫర్ అయింది, బీచ్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో ఇల్లు తీసుకుంటే రోజులు ఎలా గడుస్తాయి అని అడిగారు. నేను చాలా ఏళ్ళుగా పెదవాల్తేరులో అద్దెకుంటున్నాను. శుభ్రంగా తీసుకోండి. కాకపోతే సముద్రం కోసమే అయితే వద్దు. కొత్తలో రోజూ సాయంత్రం వెళ్తారు, తర్వాత ఆదివారాలు, ఆ తర్వాత చుట్టాలొస్తే చూపించడానికి. మా వీధిలో అందరిదీ ఇదే వరస.

మీరు వెళ్ళకపోయినా ఉప్పుగాలి మాత్రం రోజూ ఇంటికొస్తుంది. గేటు, కిటికీ ఊచలు, స్కూటర్ నట్లు, ఏసీ బయటి యూనిట్, దేన్నీ వదలదు. ఉప్పు డబ్బాలో ముద్ద కడుతుంది, వేయించిన అప్పడాలు భోజనం అయ్యేలోపే మెత్తబడతాయి. ఎండాకాలంలో విజయవాడ అంత వేడి ఉండదు గానీ ఉక్క చంపేస్తుంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని వీధి చివరికి వెళ్ళేసరికి వీపుకి అతుక్కుపోతుంది. సముద్రం గాలి మొదలైతే ప్రాణం లేచొస్తుంది, కాబట్టి తూర్పు గానీ దక్షిణం గానీ తెరిపి ఉన్న వాటా చూసుకోండి. ఆ కిటికీ ఎదురుగా అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచి ఉంటే మాత్రం బీచ్ పక్కనున్నా, గాజువాకలో ఉన్నా ఒకటే.

ఇక్కడి అసలు సుఖం నా దృష్టిలో చేపలు. పెదజాలరిపేట దగ్గరే. పొద్దున్నే అక్కడి ఆడవాళ్ళు తట్టలు నెత్తిన పెట్టుకుని వీధుల్లోకి వస్తారు. నెత్తళ్ళు, కానాగంతలు, అదృష్టం ఉంటే చందువ. గుమ్మం ముందే కత్తిపీట వేసుకుని శుభ్రం చేసి ఇస్తారు, వీధిలో పిల్లులన్నీ అప్పటికే హాజరు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్ల వేట ఆపేస్తారు. తెప్పల మీద వెళ్ళేవాళ్ళు తెచ్చిందే అప్పుడు తాజా చేప, ధర దానికి తగ్గట్టే. ఓసారి మా వీధికి వచ్చే ఆవిడతో ఇంత రేటేమిటమ్మా అంటే, "సేపలు సంద్రంలోనే ఉన్నాయి బాబూ, బోట్లే జెట్టీలో కట్టేసున్నాయి" అంది. ఇంక బేరం ఏమాడతాం? చిల్లర లేకపోతే "రేపియ్యండి" అనేసి వెళ్ళిపోతుంది. ఏ పుస్తకంలోనూ రాసుకోదు, ఏ బాకీ మరిచిపోదు.

కూరగాయలకి ఎంవీపీ కాలనీ రైతుబజారు. ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి, ఆనందపురం, పద్మనాభం వైపు నుంచి రైతులు తెస్తారు. పెందలాడే వెళ్ళాలి. ఆలస్యమైతే అందరూ ఏరి వదిలేసిన వంకాయలే మిగులుతాయి.

కొత్త అపార్ట్‌మెంటా, పాత ఇంట్లో వాటానా అంటే నా ఓటు పాత ఇంటికే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. చెట్లు, స్తంభాలు కూలి, కొన్ని రోజులపాటు కరెంటు లేదు. మోటార్లు ఆడక అపార్ట్‌మెంట్ల ట్యాంకులు ఎండిపోయాయి. మా వీధిలో ఒక పాత పెంకుటింట్లో నుయ్యి ఉండేది. ఆ ఇంటి పెద్దావిడ మామూలు రోజుల్లో గేటు ముందు స్కూటర్ ఆపితేనే దెబ్బలాటకి వచ్చేది. అప్పుడు మాత్రం గేటు బార్లా తీసి, చేంతాడు వేసి, వీధి మొత్తాన్ని తోడుకోమంది. పై అంతస్తుల్లో ముసలివాళ్ళకి బిందెలు మోసింది కాలేజీ కుర్రాళ్ళు. తర్వాత మళ్ళీ స్కూటర్ గొడవలు మామూలే అనుకోండి. ఇల్లు చూసేటప్పుడు కప్‌బోర్డులు తర్వాత, నీళ్ళ సంగతి ముందు అడగండి. నుయ్యి ఉన్న ఇల్లు దొరికితే అద్దె కాస్త ఎక్కువైనా వదలొద్దు.

ఇబ్బందులూ ఉన్నాయి. కరకచెట్టు పోలమాంబ అమ్మవారి జాతర రోజుల్లో మైకులు, జనం, బండి బయటికి తీయలేం. నేవీ డే విన్యాసాలు ఇక్కడ జరిగే ఏడాది, ముందు నుంచే రిహార్సల్స్ మొదలై విమానాలు డాబాల మీంచి దూసుకుపోతుంటాయి. పిల్లలకి పండగ, ఇంట్లో మీటింగుల్లో కూర్చునేవాళ్ళకి టెన్షన్. ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డు వైపు కారు తీయకండి, నడవడమే మేలు. పొద్దున్నే నడిచేవాళ్ళ కోసం ఆ రోడ్డులో కొంత మేర బళ్ళు ఆపేస్తారు కూడా. పిల్లలున్నారని రాశారు కాబట్టి ఒక మాట: ఆర్కే బీచ్‌లో ఈతకి దిగనివ్వకండి. పైకి మామూలుగానే కనిపిస్తుంది గానీ లోపల లాగుడు ఎక్కువ. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళే మోకాలు దాటి వెళ్ళరు.

ఆఫీసు ఎక్కడో రాయలేదు. సిరిపురం, జగదాంబ, ఆర్టీసీ కాంప్లెక్స్ వైపు అయితే సర్వీసు ఆటో చాలు. స్టీల్‌ప్లాంట్ వైపు అయితే ఈ ఆలోచన మానుకుని గాజువాకలోనో కూర్మన్నపాలెంలోనో చూసుకోండి. రోజూ ఎన్ఏడీ జంక్షన్ దాటి పోయి రావడం మీ వల్ల కాదు. ఇటే అనుకుంటే టులెట్ బోర్డుల కోసం తిరక్కండి, ఒక ఆదివారం పొద్దున వచ్చి చేపలమ్మే ఆవిణ్ణి అడగండి. ఏ వాటా ఎప్పుడు ఖాళీ అవుతుందో బ్రోకర్ల కంటే ముందు ఆవిడకే తెలుస్తుంది.