ఎండకు మొండికేసే హైడ్రాలిక్ కప్లింగు

ప్రశ్న: మా ట్రాక్టర్‌కు టిప్పింగ్ ట్రాలీ ఉంది. విప్పి పెట్టిన హైడ్రాలిక్ పైపు తెల్లవారుజామున చేత్తోనే ఎక్కుతుంది కాని, మధ్యాహ్నం ఎంత నొక్కినా కప్లింగులోకి (పైపును ట్రాక్టర్‌కు కలిపే జోడింపులోకి) దిగదు. ముందున్న బొడిపెను సుత్తితో కొడితే సరిపోతుందని తెలిసినవారు అంటున్నారు. అలా చేయవచ్చా?
– ఒక రైతు, నల్గొండ జిల్లా

జవాబు: దయచేసి కొట్టకండి. ఆ బొడిపె స్ప్రింగుతో మూసుకునే వాల్వు కొన. పైపు విప్పగానే రెండు వైపులా వాల్వులు మూసుకుని నూనె కారకుండా ఆపుతాయి. కలిపినప్పుడు అవి ఒకదానినొకటి వెనక్కి నెట్టుకుని దారి తెరుస్తాయి. మీ పైపులో నూనె బయటికి పోయే దారి లేకుండా మూసుకుపోయి ఉన్నందున, ఎండకు వేడెక్కి వ్యాకోచించినప్పుడు పీడనం పెరుగుతుంది. రబ్బరు గొట్టం కొంత సాగినా అది చాలదు. వాల్వు ముఖం ఒక చదరపు సెంటీమీటరు, లోపలి పీడనం 50 బార్లు (ఒక బారు అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో బలం) అనుకుంటే, మీరు ఎదిరించవలసిన బలం సుమారు 50 కిలోలు. తెల్లవారుజామున నూనె చల్లబడి ఆ పీడనం తగ్గుతుంది కనుకనే పైపు సులువుగా ఎక్కుతోంది.

సుత్తి దెబ్బకు వాల్వు కొన చదునవుతుంది, అది ఆని మూసుకునే అంచుపై గీత పడుతుంది, ఆ తర్వాత అది ఎప్పటికీ కారుతూనే ఉంటుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. సన్నని సందులోంచి అధిక పీడనంతో చిమ్మే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. పైకి సూది గుచ్చినంత గాయమే కనబడి, నొప్పి కూడా మొదట్లో తక్కువగా ఉండవచ్చు. అయినా అది వెంటనే శస్త్రచికిత్స అవసరమయ్యే గాయం కాబట్టి, రేపు చూద్దామనుకోకుండా అప్పుడే ఆసుపత్రికి వెళ్లి, నూనె లోపలికి పోయిందని వైద్యుడికి స్పష్టంగా చెప్పాలి. లీకు ఎక్కడుందో వెతకడానికి కూడా చేతిని కాక అట్టముక్కను వాడండి.

ట్రాలీ పూర్తిగా కిందికి దిగి ఉంటే, తడిగుడ్డ చుట్టి లేదా నీళ్లు పోసి పైపును చల్లబరచండి. తరువాత ఇంజను ఆపి, హైడ్రాలిక్ లివరును రెండు వైపులా కదిపి ట్రాక్టర్ వైపు పీడనాన్ని వదిలించి, పైపు ఎక్కించండి. ఇకమీదట విప్పేముందు కూడా ట్రాలీని దించి, ఇంజను ఆపి, లివరు కదిపాకే విప్పి, పైపు కొనను నీడలో ఉంచితే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది. కొనకు రబ్బరు టోపీ తప్పక పెట్టండి. మా అనుభవంలో కప్లింగులను పాడుచేసేది పీడనం కన్నా దుమ్మే: దుక్కిలో లేచిన మన్ను నూనెకు అంటుకుని లోపలి రబ్బరు రింగును ఆకురాయిలా అరగదీస్తుంది.

ప్రశ్న: ట్రాలీ పైకి లేస్తోంది, దిగనంటోంది. కప్లింగు లోపమేనా?
– మరో పాఠకుడు, గుంటూరు

జవాబు: కావచ్చు. కప్లింగు పూర్తిగా లోపలికి దిగకపోయినా, స్ప్రింగు నీరసించినా, వెనక్కి వచ్చే నూనె వేగానికి ట్రాలీ వైపు వాల్వు మూతపడుతుంది. లేచిన తొట్టి కిందికి ఎవరూ వెళ్లకూడదు, ఆ స్థితిలో పైపు నట్టును సడలించనూ కూడదు. సడలిస్తే తొట్టి ఒక్కసారిగా కూలుతుంది. తొట్టికి ఊతకర్ర కాదు, ఇనుప ఆధారమే పెట్టాలి. ఆ తర్వాత లివరును మళ్లీ లేపే వైపు కొద్దిగా జరిపితే మూసుకున్న వాల్వు తెరుచుకోవచ్చు. అప్పుడు ఆధారం తీసి, నెమ్మదిగా దించండి. దిగాక కప్లింగును టక్కుమనేదాకా నొక్కి చూడండి. మళ్లీ అదే జరిగితే రెండు సగాలనూ కలిపి మార్చండి. వాటి మీద ఐఎస్ఓ 7241 (ఇలాంటి కప్లింగుల అంతర్జాతీయ ప్రమాణం) ఎ శ్రేణి అనీ, ఒకే కొలత అనీ ఉందో లేదో చూసి కొనండి, ఎందుకంటే చూపుకు ఒకేలా ఉన్న రెండు సగాలు లోపల సరిగా ఆనకపోవచ్చు.