పాప యాభై దాకా అంకెలు చెబుతుంది, నాలుగు ఇవ్వమంటే గుప్పెడు ఇస్తోంది

మీ నాలుగేళ్ల పాపకు వరస నోటికొచ్చింది, లెక్క ఇంకా రాలేదు. చివర పలికిన అంకే మొత్తం అని తనకు తెలియదు. ఈ వయసులో మామూలేనండి.

1. వల్లె వేయించడం ఆపి, 3 వస్తువులతో మొదలుపెట్టండి. పటమట రైతుబజారు నుంచి తెచ్చిన నిమ్మకాయలు చాలు.

2. ఒక్కో కాయ పక్కకు జరుపుతూ ఒక్కో అంకె చెప్పించండి. ఊరికే వేలు చూపిస్తే నోరు ముందుకు పరుగెడుతుంది.

3. చాలామంది వదిలేసేది ఇదే. చివరి కాయ దగ్గర ఆగి, అన్నిటి చుట్టూ చెయ్యి తిప్పి, "మొత్తం మూడు నిమ్మకాయలు" అనండి. ప్రతిసారీ. "ఎన్ని?" అంటే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడితే ఇంకా అందలేదన్నమాట. కసరకండి, మొత్తం మీరే చెప్పండి.

4. తర్వాత "నాన్నకి రెండు ఇవ్వు" అని అడగండి. అది వచ్చాక మూడు అడగండి. మూడు తప్పు లేకుండా ఇస్తేనే నాలుగుకు వెళ్లండి.

రోజుకు 5 నిమిషాలు చాలు.